కోర్టుకెక్కాలా, కూసొని తెంపుకోవాలా?

ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో మొగుడూ పెళ్లాలకు పడకపోతే ఆ సంగతి ముందుగా చేరేది కోర్టుకు కాదు, ఠాణాకూ కాదు. కమిటీకి. గ్రామాభివృద్ధి కమిటీ అని పూర్తి పేరు, అందరం వీడీసీ అంటాం. చెరువు చేపల వేలం, గుడి పనులు, గెట్టు పంచాయితీలు.. అన్నీ దాని చేతిలోనే. చట్టం దానికి ఇచ్చిన అధికారం ఏమీ లేదు. అయినా ఊళ్లో ఉంటూ దాని మాట కాదనడం కష్టం. కమిటీ మాట వినలేదని కుటుంబాలను వెలేసిన వార్తలు మా ఆర్మూర్ డివిజన్ నుంచి పేపర్లలో ఎన్నోసార్లు వచ్చాయి.

నా పెళ్లి పంచాయితీ కూడా అక్కడికే పోయింది. 2024 ఫిబ్రవరిలో. ఊరంతా పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజులు. అప్పటికి నేను పాపను తీసుకొని పుట్టింటికి వచ్చి ఏడాది దాటింది. ఎందుకు పడలేదో ఇక్కడ రాయను. అది మా ఇద్దరి సంగతి. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. ఆయన నన్ను కొట్టలేదు, బెదిరించలేదు. అట్లాంటిది ఉంటే తీసుకోవాల్సిన దారి వేరే ఉంటుంది. దాని గురించి తర్వాత చెప్తాను.

రెండు దిక్కుల నుంచీ 50 వేల చొప్పున డిపాజిట్ కట్టించుకున్నారు. పంచాయితీ మధ్యలో ఎవరైనా ఠాణాకో కోర్టుకో పోతే ఆ పైసలు పోయినట్టే. మూడు సార్లు కూర్చున్నారు. మూడోసారి తేల్చింది ఇదీ: నాకు 6 లక్షలు. అందులో 3 లక్షలు వెంటనే, మిగతా 3 వాళ్ల పసుపు అమ్మినంక. పెట్టిన ఏడు తులాల బంగారం వాపసు. పాప నా దగ్గరే. వంద రూపాయల బాండు పేపర్ మీద ఇద్దరి సంతకాలు, పెద్దమనుషుల సంతకాలు. రేపటి నుంచి ఎవరి దారి వాళ్లది.

బాపు ఒప్పుకున్నాడు. తమ్ముడికి సంబంధాలు చూస్తున్నారు, ఇంట్లో కోర్టు కేసు ఉందంటే ఎవరు పిల్లనిస్తరు అని ఆయన బాధ. "కోర్టుకు పోతే ఏండ్లు పడ్తయి బిడ్డా. పసుపు దాసి పెట్టుకున్నట్టే. ధర వస్తదో రాదో గని, కిరాయి మాత్రం నెలనెలా కట్టాలె" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. ముప్పై ఏండ్లుగా పసుపు పండించిన మనిషి, ఎప్పుడు అమ్మాలో, ఎప్పుడు ఆగాలో నాకంటే బాగా తెలుసు.

కానీ ఆ బాండు పేపర్ ముసాయిదాలో ఒక వాక్యం ఉంది. 'ఇకమీదట సదరు ఆస్తిలో నాకు గానీ, నా కూతురికి గానీ ఎట్టి హక్కూ లేదు' అని. నా సంగతి సరే. మూడేండ్ల పిల్ల తరఫున నేనెట్లా రాసిస్తాను? ఫోన్‌లో ఆ కాగితం ఫొటో తీసుకొని, రెండు రోజులు టైం అడిగి బయటికి వచ్చాను.

ఇడుపు కాయితం విలువెంత?

మా దిక్కు దాన్ని ఇడుపు కాయితం అంటారు. తరతరాలుగా ఉన్నదే. మా ఊళ్లో నాకు తెలిసి ఆరేడు జంటలు అట్లనే విడిపోయారు. అందరూ బాగానే ఉన్నారు కదా అంటారు పెద్దలు. ఉన్నారు, అవసరం పడనంత వరకు.

మా వాడకట్టులో బీడీలు చేసే ఒక అత్త ఉంది. ఇరవై ఏండ్ల కింద కుల పెద్దల ముందు ఇడుపు కాయితం రాసుకుంది. ఆయన ఇంకో పెళ్లి చేసుకొని గల్ఫ్‌కు పోయాడు. అక్కడే గుండెపోటుతో చనిపోయాడు. కంపెనీ నుంచి రావాల్సిన పైసలకు భార్య ఎవరు అన్న ప్రశ్న వచ్చింది. చట్టం లెక్కలో కోర్టు డిక్రీ లేదు కాబట్టి మొదటి పెళ్లి ఇంకా ఉన్నట్టే అన్నారు ఒకరు. కాదు, మా కులంలో ఇదే ఆచారం అన్నారు ఇంకొకరు. కోర్టు మెట్లు ఎక్కొద్దని రాసుకున్న కాగితం చివరికి ఇద్దరు ఆడవాళ్లను కోర్టు మెట్లు ఎక్కించింది.

చట్టం ఏమంటుందో చూద్దాం. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. అందులో సెక్షన్ 29(2) కుల ఆచారం ప్రకారం తీసుకునే విడాకులను కాపాడుతుంది. కాబట్టి 'పంచాయితీ విడాకులు ఎప్పుడూ చెల్లవు' అని రీల్స్‌లో చెప్పేది పూర్తి నిజం కాదు. కానీ ఆ ఆచారం చాలా కాలంగా, తెగకుండా నడుస్తోందని సాక్ష్యాలతో నిరూపించాలి. ఆచారం ఉందని చెప్పే మనిషే నిరూపించాలి. అది నిరూపణ కాకపోతే పెళ్లి తెగనట్టే. అప్పుడు రెండో పెళ్లి చెల్లదు. పైగా మొదటి భార్య ఉండగా ఇంకో పెళ్లి చేసుకోవడం నేరం కూడా. అట్లా చెల్లని పెళ్లిలో పుట్టిన పిల్లలకు మాత్రం తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుంది, సెక్షన్ 16 ఆ పిల్లలను కాపాడుతుంది. పిల్లలు చేసిన తప్పేముంది?

ఇంకో సంగతి. నోటరీ చేయించినా అది విడాకుల డిక్రీ కాదు. వంద రూపాయల బాండు అయినా, వెయ్యి రూపాయల బాండు అయినా అంతే.

నన్ను ఆపిన వాక్యం సంగతి. మైనర్ బిడ్డకు ఆస్తిలో ఉన్న హక్కును తల్లిదండ్రులు కోర్టు అనుమతి లేకుండా వదులుకోలేరు. 1956 నాటి మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 8 చెప్పేది అదే. తాతల నాటి భూమిలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంటుంది. దేశమంతా అది 2005లో వచ్చింది. మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 సెప్టెంబర్ 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఇచ్చింది. నేను విడిపోతే నేను ఆయన భార్యను కాకుండా పోతాను. పాప ఆయన కూతురు కాకుండా పోదు.

భార్యకు భర్త ఆస్తిలో సగం వస్తుందని చాలామంది అనుకుంటారు. సినిమాల ప్రభావం. మన చట్టంలో అట్లాంటిది లేదు. వచ్చేది భరణం, మన స్త్రీధనం. అంతే.

చెప్పులు విసురుకున్న పెండ్లి, పద్నాలుగేండ్ల కేసు

అయితే కోర్టుకే పోదాం అనుకున్నాను మొదట. కోపం కూడా ఉంది. తప్పు నాది కాదని ఒక జడ్జి రాసిస్తే చాలు అనిపించింది. ఆ రెండు రోజులు ఫోన్‌లో తీర్పులు చదువుతూ కూర్చున్నాను. అందులో ఒకటి మన తెలుగు జంటదే. 2013 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. జస్టిస్ అఫ్తాబ్ ఆలం, జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ బెంచ్. విడాకుల కేసుల్లో వకీళ్లు ఇప్పటికీ దాన్ని చూపిస్తారు.

1999 ఏప్రిల్ 25న పెళ్లయింది. మరుసటి రోజే రెండు వైపుల పెద్దలకు గొడవ. తిట్టుకున్నారు, చెప్పులు విసురుకున్నారు. 27న పిల్లా పిలగాడూ వేరయ్యారు. కాపురం అన్నది మొదలే కాలేదు. గొడవ పెద్దలది, శిక్ష వీళ్లది.

ఆ తర్వాత ఆమె వరకట్న వేధింపుల కేసు పెట్టింది. ఆయన విడాకులకు వేశాడు. 2002 డిసెంబర్‌లో ఫ్యామిలీ కోర్టు విడాకులు ఇచ్చింది. 2006 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి సుప్రీంకోర్టు పెళ్లిని రద్దు చేసి, ఆమెకు 15 లక్షల శాశ్వత భరణం ఇవ్వమన్నది. వాయిదాల్లో. లెక్క చూడండి. కలిసి ఉన్నది రెండు రోజులు, విడిపోవడానికి దాదాపు పద్నాలుగేండ్లు. ఇరవైల్లో ఉన్న నాలాంటి మనిషికి ఆ పద్నాలుగేండ్లంటే ఏందో చెప్పనక్కర్లేదు.

ఆ తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. ఇట్లాంటి కేసులు రాగానే ఇద్దరి ఇష్టంతో మీడియేషన్‌కు పంపాలని, కేసు వేయకముందే మాట్లాడుకునే ఏర్పాటు కూడా ఉండాలని కోర్టు చెప్పింది. వేధింపుల కేసుల పదును మాత్రం తగ్గొద్దని కూడా అందులోనే చెప్పింది.

ఎందుకంత ఆలస్యం అంటే, కొట్లాడి తీసుకునే విడాకులకు సెక్షన్ 13 కింద కారణం చూపాలి. క్రూరత్వం, రెండేండ్లు వదిలేసి పోవడం, ఇంకొకరితో సంబంధం.. ఇట్లా. చూపిస్తే సరిపోదు, నిరూపించాలి. సమన్లు పోవాలి. అవతలి వాళ్లు కౌంటర్ వేయాలి. జడ్జి ముందు ఒకసారి కలపడానికి ప్రయత్నం చేస్తారు. తర్వాత సాక్ష్యాలు, క్రాస్. మీ పడకగది సంగతులు, మీ వాట్సాప్ చాట్‌లు అన్నీ అక్కడికి వస్తాయి. మా దిక్కు సగం మంది మొగుళ్లు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు. అక్కడికి సమన్లు చేరేసరికే పేషీల మీద పేషీలు పడతాయి. నోటీసు అందిన ఆరు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని అదే చట్టంలో 21బి సెక్షన్ ఉంది. ఉంది అంతే!

'కలిసి బతకలేని స్థితి వచ్చింది, ఇంక విడాకులిచ్చేయండి' అని అడగొచ్చు కదా అని నా ఫ్రెండ్ అన్నది. 2023 మే 1న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం అట్లా ఇవ్వొచ్చు అన్నమాట నిజమే. కానీ అది 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు ఉన్న ప్రత్యేక అధికారం. మన జిల్లా కోర్టులకు ఆ అధికారం లేదు. వార్త హెడ్డింగ్ చూసి నిజామాబాద్ కోర్టుకు పోతే పని కాదు.

నడుమ ఒక దారి

నిజానికి 'కోర్టా, రాజీయా' అన్న ప్రశ్నే సరిగ్గా లేదు. రాజీ కూడా కోర్టులోనే పూర్తి కావాలి. దాన్నే అందరూ మ్యూచువల్ అంటారు. సెక్షన్ 13బి. 1976లో చట్టంలోకి వచ్చింది. ఏడాదిగా వేరుగా ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా, మొగుడూ పెళ్లాల్లా బతకకపోతే అది వేరుగా ఉన్నట్టే. ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి, అది ఫస్ట్ మోషన్. తర్వాత ఆరు నెలలు ఆగి మళ్లీ ఇద్దరూ వచ్చి అదే మాట చెప్పాలి, అది సెకండ్ మోషన్. కారణం చెప్పక్కర్లేదు, ఎవరిది తప్పో తేల్చక్కర్లేదు. ఇద్దరి సమ్మతితో వచ్చిన డిక్రీ మీద మామూలుగా అప్పీలు కూడా ఉండదు. అంటే మళ్లీ పదేండ్లకు ఎవరూ తలుపు కొట్టరు.

ఆ ఆరు నెలలు కూడా తప్పనిసరి కాదు. 2017 సెప్టెంబర్ 12న అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విడిపోయి మొత్తం ఏడాదిన్నర దాటి, కలపడానికి చేసిన ప్రయత్నాలన్నీ విఫలమై, భరణం, పిల్లల సంగతి నిజంగా తేలిపోయి ఉంటే, ఇంకా ఆగడం వల్ల బాధ పెరగడం తప్ప లాభం లేదనుకుంటే జడ్జి ఆ గడువును మాఫీ చేయొచ్చు. ఫస్ట్ మోషన్ అయిన వారం తర్వాత అడగొచ్చు.

ఇదంతా చూసి నేరుగా వాళ్లింటికి పోయి 'మ్యూచువల్‌కు వద్దాం' అన్నాననుకోండి, నవ్వేవాళ్లు. ఎందుకొస్తరు? బాండు పేపర్‌తో 6 లక్షలకు అయిపోయే పనికి కోర్టు దాకా ఎందుకు? మాట్లాడుకోవాలంటే అవతలి మనిషికి కూడా మాట్లాడాల్సిన అవసరం ఉండాలి. అది కేసు వేస్తేనే వస్తుంది.

అట్లా నేను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకున్నాను. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫ్రీ వకీలు కదా, సరిగ్గా చూస్తరా అన్నది అమ్మ. నాకు దొరికిన మేడం గంటన్నర కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడిగింది. "నీకు గెలవాల్నా, బయటపడాల్నా? రెండిటికీ రెండు ఫైళ్లు ఉంటయమ్మా."

బయటపడాలి అన్నాను. విడాకుల కేసు వేయలేదు. వేధింపుల కేసు పెట్టలేదు, జరగనిది జరిగిందని రాయడం నాకు ఇష్టం లేదు. అట్లా రాయమని సలహా ఇచ్చినవాళ్లు మా చుట్టాల్లోనే నలుగురున్నారు. నేను వేసింది పాపకూ నాకూ భరణం కేసు ఒక్కటే. పాత సీఆర్పీసీ 125, 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో సెక్షన్ 144. మధ్యంతర భరణం సంగతి నోటీసు అందినాక వీలైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే రాసి ఉంది. నా విషయంలో అంతకంటే ఎక్కువే పట్టింది. అయినా విడాకుల కేసుతో పోలిస్తే తొందరే.

మా డిపాజిట్ 50 వేలు అదే రోజు పోయాయి.

ఆదాయం ఎంత అంటే..

పంచాయితీలో ఆయన ఆదాయం అడిగితే 'షాపులో అంతంత మాత్రమే' అన్నారు. కోర్టులో అట్లా కుదరదు. 2020 నవంబర్ 4న రజనీష్ - నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. భరణం కేసులో భార్యాభర్తలిద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, బ్యాంకు ఖాతాలు, ఇంటి ఖర్చులు.. అన్నీ అఫిడవిట్‌లో రాసి ఇవ్వాలి. భరణం కూడా ఆర్డర్ వచ్చిన రోజు నుంచి కాదు, అర్జీ వేసిన రోజు నుంచి లెక్క కట్టాలి. రెండో మాట చాలా పెద్దది. వాయిదాలు అడిగిన కొద్దీ అవతలి వాళ్ల బాకీ పెరుగుతుంది. బాపు చెప్పిన పసుపు లెక్కలో కిరాయి ఇప్పుడు వాళ్ల మీద పడుతోంది.

అఫిడవిట్ ఇద్దరిదీ అని మర్చిపోవద్దు. నేను ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చెప్తాను, నా జీతం కూడా రాయాల్సి వచ్చింది. జీతం ఉంటే భరణం రాదు అన్నది తప్పు. ఎంత వస్తుందో దాన్ని బట్టి తగ్గుతుంది. జీతంలో 25 శాతం భార్యకు అనేది కూడా చట్టంలో ఎక్కడా లేదు. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో భర్త నికర జీతంలో 25 శాతం న్యాయంగా ఉంటుందన్నది. అంతే, అది అందరికీ కొట్టిన ముద్ర కాదు.

అఫిడవిట్ రాయాల్సిన టైం దగ్గరపడగానే వాళ్ల వకీలు నుంచి మా మేడంకు ఫోన్ వచ్చింది. మాట్లాడుకుందాం అని.

నాలుగు కూర్చోవడాలు

మీడియేషన్ గదిలో కమిటీ ఉండదు. మీసాలు తిప్పే మేనమామలు ఉండరు. మేమిద్దరం, వకీళ్లు, మీడియేటర్. అక్కడ అన్న మాట కోర్టులో సాక్ష్యంగా రాదు, కాబట్టి ఇద్దరం కొంచెం నిజాలు మాట్లాడుకున్నాం. ఏడాదిన్నర తర్వాత ఆయన నాతో నేరుగా మాట్లాడింది అక్కడే. "పాప నన్ను మర్చిపోతదేమో" అన్నాడు. నాకు ఆ మాట వినేదాకా ఆయన భయం పైసల గురించే అనిపించేది.

అక్కడి నుంచి కథ మారింది. పాపను చూసే హక్కు పక్కాగా రాస్తే, మిగతావి ఒప్పుకోవడానికి ఆయన సిద్ధమే. పంచాయితీలో ఈ ముచ్చట ఒక్కసారి కూడా రాలేదు. అక్కడ పాప అంటే 'ఎవరి దగ్గర' అన్న ఒక్క గీత, అంతే.

2025 సంక్రాంతికి నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైంది, జనవరి 14న. ఊరంతా దాని గురించే. ఆ పండగ పోయిన వారానికే మా నాలుగో కూర్చోవడం, అందులోనే లెక్క తెగింది. 9 లక్షలు నాకు. పాప పేరు మీద వేరే 4 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్, పద్దెనిమిది నిండేదాకా ఎవరూ ముట్టొద్దు. స్కూల్ ఫీజు సగం. నెలలో రెండు ఆదివారాలు, దసరా సెలవుల్లో ఐదు రోజులు పాప ఆయన దగ్గర. ఆస్తిలో పాప హక్కు గురించి కాగితంలో ఒక్క మాట లేదు, అంటే ఆ హక్కు అట్లనే ఉంది.

మొత్తం ఎంత అన్నదానికంటే ఎప్పుడు ఎట్లా ఇస్తారు అన్నది ముఖ్యం అని మేడం పట్టుబట్టింది. కారణం ఉంది. మ్యూచువల్‌లో డిక్రీ వచ్చేదాకా ఎవరైనా 'నాకు ఇష్టం లేదు' అని వెనక్కి పోవచ్చు. 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఫస్ట్ మోషన్ రోజే భార్య అన్ని కేసులు వాపసు తీసుకోవద్దు, భర్త మొత్తం పైసలు ఇచ్చేయొద్దు. మాది సగం ఫస్ట్ మోషన్ రోజు డీడీ, సగం సెకండ్ మోషన్ రోజు జడ్జి ముందు డీడీ. భరణం కేసు వాపసు రెండో డీడీ చేతిలో పడ్డాకే. బంగారం లిస్టు రాసి, తూకం వేసి, ఇద్దరూ సంతకం పెట్టి తీసుకున్నాం. ఏడు తులాలు అన్నది ఆరున్నర తేలింది. ఆ అరతులం కోసం ఇంకో పేషీ పెట్టుకోలేదు.

బాండు పేపర్ లెక్కలో ఉన్న 'మిగతా 3 లక్షలు పసుపు అమ్మినంక' అన్న మాట గుర్తు చేసుకోండి. పసుపు అమ్మకపోతే? అమ్మి లేదంటే? అప్పుడు ఆ కాగితం పట్టుకొని ఎవరి దగ్గరికి పోవాలి? కోర్టు రికార్డులో ఉన్న రాజీని తప్పితే కోర్టు ద్వారానే వసూలు చేయొచ్చు.

మేం విడిపోయి అప్పటికే రెండేండ్లు దాటింది కాబట్టి ఆరు నెలల మాఫీకి అర్జీ వేశాం. మార్చిలో ఫస్ట్ మోషన్, ఏప్రిల్‌లో డిక్రీ. జడ్జి అడిగింది రెండు ప్రశ్నలు. ఎవరైనా బలవంతం చేశారా? పైసలు అందాయా? పది నిమిషాలు కూడా పట్టలేదు.

కూర్చోవద్దనే చోట

ఇదంతా చదివి అందరికీ రాజీయే మంచిదని అనుకోవద్దు. నా కేసులో భయం లేదు. కొట్టే మనిషితో, చంపుతా అనే మనిషితో, సంతకం పెట్టకపోతే ఫొటోలు బయటపెడతా అనే మనిషితో ఒక టేబుల్ దగ్గర కూర్చోవడం రాజీ కాదు, లొంగిపోవడం. అక్కడ ముందు రక్షణ, తర్వాతే విడాకుల ముచ్చట. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు, అదే ఇంట్లో ఉండే హక్కు ఇవ్వొచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్. ఉచిత న్యాయ సలహాకు 15100. ఈ రెండు నంబర్లు ఫోన్‌లో వేసి పెట్టుకుంటే పోయేదేం లేదు.

ఆస్తులు దాచేస్తున్నారని, ఇంకో పెళ్లి చేసుకున్నారని తెలిసినప్పుడు కూడా తొందరపడి సంతకం పెట్టొద్దు. అట్లాంటప్పుడు ఏండ్లు పట్టినా కోర్టే నయం అని నా అభిప్రాయం.

మగవాళ్లకూ ఒక మాట. కేసు పెట్టగానే అరెస్టు అని బెదిరించి లక్షలు గుంజే మధ్యవర్తులున్నారు. వేధింపుల కేసుల్లో ఆటోమేటిక్‌గా అరెస్టు చేయొద్దని 2014 జులైలో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పోలీసులకు చెప్పింది. భయంతో చేతికి నగదు ఇవ్వకండి. రసీదు లేని పైసలు ఇవ్వనట్టే లెక్క.

ముస్లిం దోస్తులకు దారి వేరు. ఖులా, ముబారత్ వాళ్ల చట్టంలో ముందు నుంచీ ఉన్నవే. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులా అడిగే ముస్లిం మహిళ హక్కు పూర్తి హక్కే, దానికి భర్త ఒప్పుకోవాల్సిన అవసరం లేదని తీర్పు ఇచ్చింది. మా స్కూల్లో పనిచేసే ఒక టీచర్ ఆ తీర్పు వచ్చిన రోజు నాకు లింకు పంపింది, ఏ మాటా రాయకుండా.

లోక్ అదాలత్‌లో విడాకులు అయిపోతాయి అని కొందరు చెప్తారు. భరణం, బంగారం లాంటివి అక్కడ తేల్చుకోవచ్చు, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. విడాకుల డిక్రీ మాత్రం అక్కడ రాదు.

డిక్రీ సర్టిఫైడ్ కాపీలు మూడు తీయించి పెట్టుకున్నాను. పాస్‌పోర్టుకు, ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి, ఇంకా దేనికైనా. పాప పోయిన ఆదివారం వాళ్ల నాయినమ్మ ఇంట్లో పసుపు చేనులో ఆడుకొని, ఒళ్లంతా మట్టితో వచ్చింది. తమ్ముడికి సంబంధం కుదిరింది, పిల్ల వాళ్లు కోర్టు కేసు గురించి అడగనే లేదు. బాపు మాత్రం కమిటీ దగ్గర ఆగిపోయిన ఆ 50 వేల డిపాజిట్ కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. వచ్చే అమావాస్య మీటింగ్‌లో చూద్దాం అన్నారట.